చుక్క కదిలిన చోట

సూర్యకళ స్టూలెక్కి తెర మీద వేలు పెట్టి చూపించేదాకా దుర్గాశ్రీ నమ్మలేదు.

"నిన్న ఈ గీతకి అవతలుందండి మేడంగారూ. ఇయ్యాల ఇవతలకొచ్చింది. సూడండి."

గోడకి బిగించిన పెద్ద టీవీలో కాకినాడ తీరం, దాన్ని ఆనుకుని నీలంగా సముద్రం, నీలం మీద పచ్చ చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో బోటు, పక్కనే చిన్న అక్షరాల్లో దాని పేరు. వేటకెళ్ళిన వాళ్ళ ఆడవాళ్ళు పొద్దున్నే హార్బర్లోని ఈ షెడ్డుకొచ్చి, తమ చుక్క ఎక్కడుందో చూసుకుని పనుల్లోకి పోతుంటారు. సూర్యకళ వేలు పెట్టిన చుక్క పక్కన 'నూకాలమ్మ దీవెన' అని ఉంది. ఆ బోటు ఆగస్టులో వచ్చిన వాయుగుండంలో పోయింది. ఇప్పుడు కార్తీకం వెళ్తోంది. ఆ బోటు నడిపిన అమ్మిరాజు సూర్యకళ భర్త. అతనితో పాటు వెళ్ళిన నలుగురూ తిరిగి రాలేదు.

టీవీ అంచు చుట్టూ ఎవరో వేపమండలు గుచ్చారు. కింది చెక్క మీద పసుపు బొట్లున్నాయి. నిన్న మొన్నటి దాకా తెరకి అడుగు దూరంలో కూర్చునే జనం ఇప్పుడు గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోతున్నారు.

"దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే గోలమ్మా," అన్నాడు దొరబాబు. బోట్ల యజమానుల సంఘానికి ఆయన సెక్రటరీ. "అంతకుముందు పైకి పోయేది, విశాఖ వైపు. పెట్టె ఊడిపోయి ఎక్కడో తేలుతోందిలే అనుకున్నాం. ఇప్పుడేమో వెనక్కి తిరిగింది. రోజూ కొంచెం. ఇంటికొస్తున్నట్టే ఉంది."

"ఎవరూ వెళ్ళి చూడలేదా అండీ?"

"ఎందుకు చూడలేదు? మా బోటే వెళ్ళింది. సరిగ్గా చుక్క ఉన్న చోటుకే వెళ్ళి, ఇంజను ఆపుకుని నిలబడ్డారు. ఇక్కడ తెర మీద రెండు చుక్కలూ ఒకదాని మీదొకటి ఉన్నాయి. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవంట. ఆ వెళ్ళినవాళ్ళు మళ్ళీ వేటకెళ్ళడానికి భయపడుతున్నారు. అందుకే మీ సార్‌కి ఫోన్ చేశాను."

దుర్గాశ్రీ పనిచేసే చిన్న కంపెనీయే ఈ ప్రోగ్రాం తయారుచేసింది. రాసినతను బెంగళూరు వెళ్ళిపోయాక ఆ పని ఆమె చేతికొచ్చింది. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, యాంటెన్నాకి అందిన సందేశాలు వెతికింది. బోటు మీదున్న పెట్టె తానెక్కడుందో చెబితే చుక్క జరగాలి. చెప్పకపోతే ఉన్నచోటే ఉండాలి. మిగిలిన బోట్లన్నిటి సందేశాలూ వరసగా ఉన్నాయి. నూకాలమ్మ దీవెన పేరుతో ఒక్కటీ లేదు.

"ఏంటమ్మా?"

"దాన్నుంచి ఏమీ రావట్లేదండి."

"మరి కదులుతోందిగా?"

ఆమె తలెత్తి తెర వైపు చూసింది. చుక్క అక్కడే, అమాయకంగా, మిగతా వాటిలాగే పచ్చగా ఉంది.

ఇంతలో ఎండు చేపల తట్టతో ఒక ముసలామె గుమ్మంలోకి వచ్చింది. లోపల సూర్యకళని చూడగానే మొహం తిప్పుకుంది. "మొగుడు కావాలని గ్యాసు బావుల మీదకి తోలాడు. ఇది వచ్చి బొమ్మ సూసుకుంటంది," అని గాల్లోకి అనేసి వెళ్ళిపోయింది. సూర్యకళ స్టూలు దిగి, కొంగు సర్దుకుని, ఏమీ విననట్టు స్టూలుని గోడ పక్కకి జరిపింది.

"అప్పాయమ్మ," అన్నాడు దొరబాబు గొంతు తగ్గించి. "ఆవిడ కొడుకు ప్రసన్నకుమార్ కూడా ఆ బోటులోనే పోయాడు. సముద్రంలో ఉన్న గ్యాసు బావుల చుట్టూ బోట్లు వెళ్ళకూడదు కదా. ఆ రాత్రి చుక్క తిన్నగా అందులోకే పోయింది. ఇదే తెర మీద అందరం చూశాం. అక్కడ చేపలు దండిగా పడతాయని ఆశపడ్డాడు అమ్మిరాజు. దేన్నో గుద్దుకుని ఉంటాడు. ఆ కుటుంబాలేవీ ఈ అమ్మాయితో మాట్లాడవు."

"గాలి మారితే మా ఆయన బోటు తిప్పేస్తాడండి," అంది సూర్యకళ, ఎవరి మొహమూ చూడకుండా. ఆ మాట చాలాసార్లు చెప్పి అరిగిపోయినట్టుంది.

*

మర్నాడు పొద్దున్న దుర్గాశ్రీ షెడ్డులో ఒక మూల బల్ల వేయించుకుంది. ముందు రోజు సాయంత్రమంతా ఇంట్లో ప్రోగ్రాం చదువుతూనే ఉంది. బోటు చోటుని మార్చే వరసలు చాలానే కనిపించాయి కానీ, సందేశం రాకుండా మార్చేది ఏదో అంతుపట్టలేదు. అసలు ప్రోగ్రాంని ఆపితే సముద్రంలో ఉన్న బోట్లన్నీ తెర మీద ఆగిపోతాయి. అందుకని దాని నకలుని తన ల్యాప్‌టాప్‌లో నడిపి, యాంటెన్నా నుంచి వచ్చేవి రెండిటికీ అందేలా తీగ కలిపింది.

సూర్యకళ గోడకి జేరబడి కూర్చుని, ఆమె చేతుల్నే చూస్తోంది.

"ఏం సేత్తన్నారండి?"

"కాపలా పెడుతున్నానక్కా. మామూలుగా అయితే ప్రోగ్రాంలో ఫలానా వరస దగ్గర ఆగు అని గుర్తు పెడతాం, బ్రేక్‌పాయింట్ అంటారు. దొంగ ఏ దారిన వస్తున్నాడో తెలిస్తే ఆ దారిలో మనిషిని నిలబెట్టినట్టు. ఇక్కడ దారి తెలీదు. అందుకని వస్తువుకే కాపలా పెడుతున్నాను. మీ బోటు ఎక్కడుందో రాసుకునే గడి ఒకటుంది. ఆ గడిలో విలువ ఎవరు మార్చినా సరే, మార్చిన చెయ్యి అక్కడికక్కడే పట్టుకుని మొత్తం ఆగిపోతుంది."

సూర్యకళ కాసేపు ఆలోచించింది.

"మడుసులు కాపోయినా పట్టుకుంటదా అండి?"

దుర్గాశ్రీ నవ్వబోయి నవ్వలేకపోయింది. "పట్టుకుంటుంది," అంది.

గడి పేరు టైపు చేసి, మారితే ఆగమని చెప్పి, ప్రోగ్రాంని వదిలింది. ఇక చేసేదేమీ లేదు, ఎదురుచూడటమే. బయట ఐసు దిమ్మలు పిండిచేసే మిషను గరగరలాడుతోంది. ఎండకి రేకులు టపటపమంటున్నాయి. కాకి ఒకటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా మెడ వాల్చి చూసి ఎగిరిపోయింది. మధ్యాహ్నమయ్యేసరికి దొరబాబు కూడా కుర్చీలో కునుకు తీశాడు. తెర మీద చుక్క అలాగే ఉంది. దుర్గాశ్రీ దాన్ని చూసీ చూసీ, అది కూడా తనని చూస్తోందనిపించి తల దించుకుంది.

ల్యాప్‌టాప్ ఆగింది.

చప్పుడేమీ లేదు. పరుగెడుతున్న అక్షరాలు నిలిచిపోయాయి, అంతే. పాత విలువ. దాని కింద కొత్త విలువ. చివర్లో ఒక అంకె మాత్రం తేడా. ఆమె చటుక్కున టీవీ వైపు చూసింది. అక్కడ కూడా అదే క్షణంలో చుక్క వెంట్రుకవాసి ఒడ్డు వైపు జరిగింది.

"కదిలింది," అంది సూర్యకళ లేచి నిలబడి.

దుర్గాశ్రీ, ప్రోగ్రాం ఏ వరస మీద ఆగిందో చూసింది. ఎక్కడో అడుగున, ఇన్నాళ్ళూ తను తెరవని ఫైలు. పైన పాత ప్రోగ్రామరు ఒక ముక్క రాసిపెట్టి ఉంచాడు: సిగ్నల్ పోయినా చుక్క ఆగిపోకూడదని సార్ చెప్పారు. కింది వరసలు ఆమె ఒకటికి రెండుసార్లు చదివింది. చదువుతున్నకొద్దీ భయం పోయి, దాని చోట్లో ఇంకేదో బరువుగా వచ్చి కూర్చుంది.

"దొరబాబుగారూ, ఇలా రండి."

ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఇది ఊహ అండీ. పెట్టె మాట్లాడటం మానేస్తే, బోటు పాత వేగంతో పాత దిక్కులోనే పోతోందనుకుని ప్రోగ్రాం తనే లెక్కగడుతోంది. కట్టిన లెక్కని అసలు చోటు రాసే గడిలోనే రాసేస్తోంది. కొన్నాళ్ళకి వేగం సంగతి వదిలేసి, సముద్రంలో ఒరవడి ఎటుంటే అటు తోస్తోంది. దసరా తర్వాత మన తీరంలో ఒరవడి దిక్కు మారుతుంది కదా, అందుకే చుక్క కూడా వెనక్కి తిరిగింది."

"అంటే ఆ నీళ్ళలో ఏమీ లేదా?"

"ఏమీ లేదండి."

దొరబాబు తేలిగ్గా ఊపిరి వదిలాడు. వదిలిన ఊపిరి సగంలో ఆగింది. ఆ ఆలోచనకి సూర్యకళ ఆయన కంటే ముందే చేరుకుంది.

"మరి ఆగస్టులో?" అంది. "ఆరోజు రేత్రి గ్యాసు బావుల్లోకి ఎళ్ళిందీ..."

"అది కూడా లెక్కే అక్కా. వాయుగుండంలో సిగ్నల్ పోయి ఉంటుంది. పోయేముందు బోటు ఆ దిక్కుగా ఉంది కాబట్టి చుక్కని అటే నడిపించింది. మీ ఆయన అటు వెళ్ళాడో లేదో ఈ మిషనుకి తెలీదు."

"మేం వెతకడానికి బోట్లన్నీ అటే పంపాం," అన్నాడు దొరబాబు. "అటే పంపాం అమ్మా, అన్నీ."

సూర్యకళ దుర్గాశ్రీ దగ్గరకొచ్చి బల్ల అంచు పట్టుకుంది. "ఈ మాట అప్పాయమ్మత్తకి సెప్తారా? నేను సెప్తే నమ్మదు."

"రేపు చెబుతానక్కా," అంది దుర్గాశ్రీ.

*

ఆఫీసులో వాళ్ళ సార్ ఉదయభాస్కర్ అంతా విని, కుర్చీ వెనక్కి వాలి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. దుర్మార్గుడు కాదు. జ్వరమొస్తే ఇంటికి కారిచ్చి పంపించే మనిషి.

"చుక్క ఆగిపోతే చాలు, ఇళ్ళల్లో ఏడుపులు మొదలయ్యేవి దుర్గా. బోటు బాగానే ఉండేది, సిగ్నల్ ఉండేది కాదు. అందుకే కదలమని రాయించాను. వాళ్ళ మంచికే."

"అది ఊహ అని తెర మీద ఎక్కడా లేదు కదండీ."

"ఉండాల్సింది." కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఇప్పుడు నువ్వెళ్ళి ఆగస్టు సంగతి ఎత్తావనుకో, వెతకడానికి తప్పు చోటుకి పంపింది మనమే అవుతాం. పైగా, అతను అటు వెళ్ళలేదని నువ్వు నిరూపించగలవా?"

నిజానికి ఆమెకీ తెలీదు. అమ్మిరాజు ఆ రాత్రి నిజంగానే ఆశపడి బావుల వైపు వెళ్ళి ఉండొచ్చు. ఆ గడిలోకి నిజమనేది వచ్చి చేరనే లేదు.

"ఆ బోటుని తెర మీద నుంచి తీసెయ్. భయాలు పోతాయి. మిగతాది నిదానంగా చూద్దాం."

తీసేసింది. టీవీలోంచి నూకాలమ్మ దీవెన మాయమైంది. తన ల్యాప్‌టాప్‌లో ఉన్న నకలులో మాత్రం ఊహ కట్టే వరసల్ని ఆపి, బోటునీ, దాని గడి మీది కాపలానీ ఉంచింది. ఇంకో వరస ఏదైనా ముట్టుకుంటుందేమో చూడాలని తనకి తాను చెప్పుకుంది.

మర్నాడు సూర్యకళ షెడ్డులోకొచ్చి తెర ముందు నిలబడి, చాలాసేపు నీలంలో వెతికింది.

"తీసేశారా?"

"తప్పుడు చుక్క కదక్కా."

"అవునండి." మళ్ళీ తెరనే చూస్తూ, "అత్తకి సెప్తానన్నారు," అంది.

"మా సార్‌తో ఇంకోసారి మాట్లాడాలి. ఒక్క రెండు రోజులు..."

సూర్యకళ ఆమె కళ్ళలోకి చూసింది. కోపం లేదు. ఇలాంటి మాటలు ఇంతకుముందూ విన్న మనిషి చూపు అది. వెళ్ళి పాత చోటులోనే గోడకి జేరబడి కూర్చుంది. దుర్గాశ్రీకి ల్యాప్‌టాప్ మూసి అక్కణ్ణించి పారిపోవాలనిపించింది. మూత మీద చెయ్యి కూడా వేసింది.

అప్పుడు ప్రోగ్రాం ఆగింది.

ఊహ కట్టే వరసలు తనే ఆపేసింది కదా, ఇంకేది మార్చింది? ఆగిన వరస చూసింది. అది యాంటెన్నా నుంచి వచ్చిన సందేశాన్ని తీసుకునే వరస. పంపింది నూకాలమ్మ దీవెన మీది పెట్టె. ఊహ కాదు, లెక్క కాదు. మూడు నెలలుగా పలకని పెట్టె ఆ పొద్దున్న, ఎండ ఫెళ్ళున కాస్తుండగా, మాట్లాడింది.

సందేశం తారీకు చూసింది. ఆగస్టు. వాయుగుండం సాయంత్రం.

ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. సిగ్నల్ అందనప్పుడు పెట్టె చెప్పాల్సినవన్నీ తన కడుపులోనే దాచుకుంటుంది. మళ్ళీ ఎప్పుడు అందితే అప్పుడు మొదటి నుంచీ వరసగా పంపుతుంది. పెట్టె పైన చిన్న సోలార్ పలక ఉంటుంది. ఎక్కడో దాని మీద ఎండ పడింది.

"సూర్యకళగారూ," అంది. "ఇలా వచ్చి కూర్చోండి. ఆ రాత్రి మీ ఆయన ఎటు వెళ్ళాడో పెట్టె చెబుతోంది."

సూర్యకళ లేచింది కానీ రాలేదు. "అత్తని పిలవండి," అంది. "ఆవిడొచ్చేదాకా సెప్పనియ్యకండి."

దొరబాబు స్వయంగా పరుగెత్తాడు. దుర్గాశ్రీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రోగ్రాం ఆగి ఉంది. బోటు ఆగస్టు సముద్రంలో, అయిదుగురితో, ఆగి ఉంది. ఆమె కీ నొక్కేదాకా ఆ సాయంత్రం ముందుకు జరగదు. షెడ్డు బయట ఐసు మిషను కూడా ఎందుకో ఆగిపోయింది.

అప్పాయమ్మ వచ్చింది. వెనకాలే ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో గుమిగూడారు. దుర్గాశ్రీ లేచి నిలబడింది. ఉదయభాస్కర్ మొహం ఒక్కసారి గుర్తొచ్చింది.

"అమ్మా, ఆగస్టులో ఈ తెర మీద మేం చూపించింది నిజం కాదు. సిగ్నల్ పోయాక మా ప్రోగ్రాం ఊహించి నడిపించిన చుక్క అది. ఊహ అని మీకెవరికీ చెప్పలేదు. ఆ తప్పు మాది. నిజంగా ఏం జరిగిందో ఇప్పుడు వస్తోంది. నాకూ తెలీదు. మీతో పాటే చూస్తాను."

అప్పాయమ్మ వచ్చి, సూర్యకళ కూర్చున్న బెంచీ మీదే కొంచెం ఎడంగా కూర్చుంది.

దుర్గాశ్రీ కీ నొక్కింది. పాత విలువ, కొత్త విలువ, ఆగింది. ల్యాప్‌టాప్‌లోని మ్యాపు మీద చుక్క ఈశాన్యంగా, బావుల వైపుగా ఒక అడుగు వేసింది. మళ్ళీ నొక్కింది. మరో అడుగు, అటే. సూర్యకళ కళ్ళు మూసుకుంది. మళ్ళీ నొక్కింది. ఈసారి చుక్క దాదాపు ఉన్నచోటే ఉంది.

"ఏంటమ్మా అది?" అన్నాడు దొరబాబు.

"ఇంజను తగ్గించి ఉంటాడు."

మళ్ళీ నొక్కింది. చుక్క పడమటికి తిరిగింది.

షెడ్డులో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు. మళ్ళీ నొక్కింది. పడమటికే. బావులు చాలా దూరంగా, వెనకాల ఉండిపోయాయి.

"తిప్పేడు," అంది అప్పాయమ్మ. పక్కకి జరిగి, మెలిపడిపోయిన తన వేళ్ళతో సూర్యకళ ముంజేయి పట్టుకుంది. "తిప్పేశాడే కళా. గాలి మారగానే తిప్పేశాడే."

సూర్యకళ తలూపింది.

కీ నొక్కినప్పుడల్లా బోటు ఒక్కో అడుగు ఇంటి వైపు వస్తోంది. అలల్లో కొట్టుకుంటూ, కాస్త దక్షిణానికి జరుగుతూ, మళ్ళీ సర్దుకుంటూ. తీరపు గీత దగ్గరవుతోంది. కాకినాడ వైపు రాలేక మడ అడవుల దిక్కుకి మొగ్గింది. అక్కడ గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ ఉంది. మొగలోకి దూరితే గాలి నుంచి తప్పించుకోవచ్చు.

"వరద రోజులు," అన్నాడు దొరబాబు నెమ్మదిగా. "పోలవరం పై నుంచి వచ్చిన నీళ్ళన్నీ ఆ మొగలోంచే తోసుకొస్తుంటాయి. ఎదురుగా అలలు. ఆ రాత్రి అందులోకి..." పూర్తి చెయ్యలేదు.

దుర్గాశ్రీ వేలు కీ మీదకి వెళ్ళింది.

"ఆగండి మేడంగారూ," అంది సూర్యకళ.

ఆగింది. చుక్క మొగ బయట, ఒడ్డు కనబడేంత దగ్గరలో ఉంది. నొక్కకపోతే అక్కడే ఉంటుంది. అయిదుగురూ బతికే ఉంటారు. గుమ్మంలో ఆడవాళ్ళెవరూ కదల్లేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని అప్పాయమ్మ తెరని చూస్తోంది. సూర్యకళ ఆ చుక్కని అలా చూస్తూనే ఉంది, మనిషిని చూసినట్టు, తనివితీరా. చివరికి ముందుకి వంగి, "ఏదండీ నొక్కేది?" అని అడిగింది. దుర్గాశ్రీ చూపించింది. చేపల పొలుసు ఎండి అంటుకున్న వేలితో సూర్యకళ తనే నొక్కింది.

చుక్క మొగలోకి వచ్చింది.

మళ్ళీ నొక్కింది. ఈసారి ప్రోగ్రాం ఆగలేదు. అక్షరాలు గబగబా పరుగెడుతున్నాయి, సందేశం వెనక సందేశం.

"ఆగట్లేదేంటండి?"

"విలువ మారట్లేదక్కా," అంది దుర్గాశ్రీ. "పెట్టె ఇంకా చెబుతూనే ఉంది. అన్నిట్లోనూ అదే చోటు."

ఆగస్టు సందేశాలు కాసేపటికి అయిపోయాయి. చిట్టచివరిది ఆ పొద్దుటిది. అందులోనూ అదే చోటు.

సూర్యకళ ఏడవలేదు. దొరబాబు వైపు తిరిగి, "ఆటు ఎప్పుడండి బాబుగారూ? నీళ్ళు తగ్గే యేళకి ఎల్దాం," అంది.

*

దుర్గాశ్రీ వాళ్ళతో వెళ్ళలేదు. షెడ్డులో ఎవరో ఒకరు చూస్తూ ఉండాలని దొరబాబు అడిగాడు. ఉదయభాస్కర్ ఫోన్ చేశాడు. జరిగినదంతా చెప్పింది. "నన్నడగాల్సింది," అన్నాడు. తర్వాత, "అన్ని బోట్లకీ ఆ ఊహ తీసెయ్యి. సిగ్నల్ పోతే చుక్క తెల్లబడిపోనీ. ఎవరడిగినా తెలీదనే చెబుదాం," అన్నాడు. ఇకముందు ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

మధ్యాహ్నం దాటాక దొరబాబు ఫోను వచ్చింది. గాలికి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి.

"ఉందమ్మా. వరద ఒండ్రులో కూరుకుపోయి ఉంది బోటు. మొన్నటి పోటుకి మట్టి కోసుకుపోయి క్యాబిన్ కప్పు బయటపడింది. పెట్టె దాని మీదే ఉంది, ఎండకి తళతళలాడుతోంది. మూడు నెలలూ మా వాళ్ళు ఈ పక్క నుంచే పీతలకి వెళ్ళారమ్మా."

"మనుషులు..."

"క్యాబిన్‌లో ఇద్దరున్నారు. మిగతా ముగ్గురూ లేరు. ఇద్దరూ ఎవరనేది పోల్చుకునేలా లేదు. సూర్యకళా, అప్పాయమ్మా అడగట్లేదు కూడా. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ఒడ్డున కూర్చున్నారు."

ఫోను పెట్టేశాక ఆమె టీవీ దగ్గరకెళ్ళి నూకాలమ్మ దీవెనని తిరిగి తెర మీద పెట్టింది. మొగ దగ్గర పచ్చగా ఒక చుక్క వెలిగింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. అయినా ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ఈసారి గుమ్మంలో ఆగలేదు. తెర ముందుకొచ్చి, గచ్చు మీద కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా ల్యాప్‌టాప్ ఆగింది. పాత విలువ, కొత్త విలువ. సందేశం తీసుకునే వరస. ఆమె కీ నొక్కింది. కాసేపటికి మళ్ళీ ఆగింది. చుక్క మొగ దాటి సముద్రంలోకి వచ్చింది. పెట్టెని విప్పకుండా, దొరికిన ఇద్దరితో పాటు క్యాబిన్ కప్పునీ తాము వెళ్ళిన బోటులోకి ఎక్కించుకున్నట్టున్నారు. పెట్టె తానున్న చోటు చెప్పుకుంటూనే వస్తోంది.

"వత్తన్నారు," అంది ఒకామె నెమ్మదిగా. ఎవరూ ఏడవలేదు. అందరూ లేచి నిలబడ్డారు.

మళ్ళీ ఆగింది. దుర్గాశ్రీ వేలు కీ మీద ఉంచి, ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత గడి మీది కాపలా తీసేసింది. ఇక దాన్ని ఎక్కడా ఆపాల్సిన పని లేదు.

చుక్క హార్బర్ వైపు కదిలింది.